మొగిలి ఘాట్‌లో లాగని కారు: ఏ బరువు దించాలి, ఏది ఉంచాలి

ప్రశ్న: మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. 2013 మోడల్ మారుతి స్విఫ్ట్ పెట్రోలు కారు, వీఎక్స్ఐ, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఆర్సీలో బండి బరువు 965 కిలోలని ఉంది. వారానికోసారి పలమనేరులోని అత్తగారింటికి, నెలకోసారి తిరుమలకు కుటుంబంతో వెళుతుంటాం. నలుగురం కూర్చుని ఏసీ వేసుకుంటే మొగిలి ఘాట్‌లో మూడో గేరులో బండి లాగడం లేదు, రెండో గేరుకు దించాల్సి వస్తోంది. ఇంజను పని పెట్టుకుంటే లక్ష దాకా అవుతుందని, దాని బదులు బరువు తగ్గించుకోమని మా మెకానిక్ చెబుతున్నాడు. వెనక సీటు, స్టెప్నీ, ఏసీ తీసేసి, ఫైబర్ బానెట్ వేసి, వెనక అద్దాల స్థానంలో యాక్రిలిక్ షీటు బిగించి, లిథియం బ్యాటరీ పెడితే పికప్ బాగా పెరుగుతుందంటున్నాడు. నా దగ్గర పదిహేను వేలున్నాయి. ముందు యజమాని ఈ బండికి ఎల్పీజీ కిట్టు, ఊఫర్ పెట్టె, బుల్ గార్డు, పైన క్యారియర్, 16 అంగుళాల అలాయ్ చక్రాలు పెట్టించాడు. గ్యాసు నేను వాడడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ మెకానిక్ చెప్పిన జాబితాను, ఉత్తరం చివర మీరు రాసిన జాబితాను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆయన తీసెయ్యమన్నవన్నీ కంపెనీ బిగించి ఇచ్చినవి. ముందు యజమాని డబ్బు పోసి తగిలించిన వాటిలో ఒక్కటి కూడా ఆయన జాబితాలో లేదు. నా సలహా దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. షోరూము నుంచి బయటికొచ్చిన నాటికి బండి ఎంత బరువుందో ముందు అక్కడికి తీసుకురండి, ఆ బరువులో మాత్రం చెయ్యి పెట్టకండి. ఈ పనికి మీ పదిహేను వేలు సరిపోతాయి. పాత సామాను అమ్ముకుంటే కొంత వెనక్కి కూడా రావచ్చు.

బరువు వల్ల నిజంగా ఎంత నష్టం జరుగుతోందో తెలియకుండా ఖర్చు పెట్టడం సరికాదు కాబట్టి ముందు ఆ లెక్క చూద్దాం. మీ బండి 965 కిలోలు, మీ నలుగురు కలిసి 260, సంచులు 30, ముందు యజమాని తగిలించినవి దాదాపు 100 అనుకుంటే మొత్తం 1,355 కిలోలవుతుంది. నూరు మీటర్లు ముందుకు పోతే ఎనిమిది మీటర్లు పైకెక్కే వాలు మీద, గంటకు 40 కిలోమీటర్ల వేగం తగ్గకుండా ఈ బరువును లాగాలంటే చక్రాల దగ్గర సుమారు 19 హార్స్‌పవర్ కావాలి. అందులో దాదాపు 16 కేవలం బరువును పైకి ఎత్తడానికే ఖర్చయిపోతుంది, టైర్ల రాపిడికి, గాలికి పోయేది మిగతా మూడే. మీ ఇంజను 87 హార్స్‌పవర్‌ది కదా, దీనికి ఎందుకు ఆపసోపాలు పడుతోందని మీరు అడగవచ్చు. ఆ 87 నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగినప్పుడు వచ్చేది. మూడో గేరులో 40 వేగంతో పోతున్నప్పుడు ఇంజను తిరిగేది రెండు వేల చుట్లే. అప్పుడు అది ఇవ్వగలిగింది పాతిక, గేరుబాక్సులో పోయేది పోగా చక్రాలకు చేరేది ఇరవై రెండు, ఇరవై మూడు. అంటే మీ చేతిలో మిగిలేది మూడు నాలుగు హార్స్‌పవర్ మాత్రమే. ఏసీ కంప్రెసర్ ఆన్ అయితే అది మూడింటిని మింగేస్తుంది. అందుకే బండి రెండో గేరు అడుగుతోంది.

ఇప్పుడు ఆ నూరు కిలోల అదనపు బరువు సంగతికి వద్దాం. ఆ వాలు మీద, ఆ వేగంలో దాన్ని ఒక్కదాన్ని మోయడానికే ఒకటింబావు హార్స్‌పవర్‌కు పైగా పడుతుంది. 87తో పోల్చితే ఇది లెక్కలోకి రాదనిపిస్తుంది గానీ, మిగిలిన మూడు నాలుగుతో పోల్చితే అది మూడోవంతు. ఘాట్‌లో బరువు రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది: మిగులు శక్తిని తగ్గిస్తుంది, ఆ తగ్గిన మిగులుతోనే ఎక్కువ బరువును ముందుకు తొయ్యమంటుంది. అదే చిత్తూరు నుంచి పాకాల మీదుగా తిరుపతికి పోయే చదునైన రోడ్డు మీద ఆ నూరు కిలోలకు అర హార్స్‌పవర్ కూడా పట్టదు. అక్కడ వేగం 80 దాటాక బండికి అసలు శత్రువు గాలే. కాబట్టి బరువు తగ్గించి హైవే మీద పెద్ద మార్పు ఆశించకండి, ఘాట్‌లో మాత్రం తేడా మీ కాలికి తెలుస్తుంది. మైలేజీ మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. తిరుపతి నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు, నూరు కిలోలను అంత ఎత్తుకు మోసుకుపోవడానికి ఖర్చయ్యే పెట్రోలు వంద మిల్లీలీటర్ల లోపే, అంటే సుమారు పది రూపాయలది.

అన్నిటికంటే ముందు ఎల్పీజీ కిట్టు దించండి. వాడని గ్యాసు ట్యాంకును డిక్కీలో పెట్టుకు తిరగడంలో అర్థం లేదు. ట్యాంకు, దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీలు, పైపులు, గ్యాసు ఒత్తిడిని తగ్గించే రెడ్యూసరు అన్నీ కలిపితే ముప్ఫై అయిదు కిలోలకు అటూ ఇటూగా ఉంటాయి. బరువు ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. కిట్టు పాతకాలపు మిక్సర్ రకమైతే, ఇంజనులోకి గాలి వెళ్లే దారిలో ఒక సన్నటి రింగు బిగించి ఉంటారు. మీరు పెట్రోలు మీదే నడుపుతున్నా ఆ రింగు అక్కడే ఉండి గాలిని అడ్డుకుంటుంది, దాంతో ఎక్కువ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండికి ఊపిరి ఆడదు. కొత్త రకం కిట్టయితే రింగు ఉండదు గానీ, గ్యాసు నాజిళ్ల కోసం, సిలిండర్లకు గాలి పంచే గొట్టమైన మానిఫోల్డుకు నాలుగు రంధ్రాలు వేసి ఉంటారు, పెట్రోలు ఇంజెక్టర్ల వైర్లను మధ్యలో కోసి కిట్టు కంప్యూటరుకు కలిపి ఉంటారు. కిట్టు తీసేటప్పుడు ఆ రంధ్రాలను గాలి చొరబడకుండా మూసి, వైర్లను మళ్లీ యథాతథంగా అతికించి ఇన్సులేషన్ చేయాలి. ఈ రెండూ సరిగ్గా చేయకపోతే బండి నిలకడ మీద ఊగుతుంది, పికప్ ఉన్నదానికంటే పడిపోతుంది, బరువు తగ్గించినా లాభం లేదని మీరు నన్ను తిట్టుకుంటారు. అందుకే ఈ పని వీధి మెకానిక్ చేత కాకుండా, గ్యాసు కిట్లు బిగించే అనుమతి ఉన్న వర్క్‌షాపులోనే చేయించండి. ట్యాంకు ఖాళీ అని మీరు అనుకుంటున్నా లోపల గ్యాసు మిగిలే ఉంటుంది, దాన్ని వాళ్లే పద్ధతిగా వదిలిస్తారు. ఆ తర్వాత వాళ్లిచ్చే కాగితం తీసుకుని ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ మీద ఇంధనం దగ్గర పెట్రోలు అని మార్పించుకోండి, బీమా కంపెనీకి కూడా తెలియజేయండి. ఒకవేళ ఆ కిట్టు అసలు ఆర్సీలో ఎక్కించనే లేదంటే, మీరు ఇన్నాళ్లూ అనుమతి లేని గ్యాసు ట్యాంకును పిల్లల వెనక పెట్టుకుని తిరుగుతున్నట్టు, కాబట్టి ఇంకా త్వరపడాలి.

ఊఫర్ పెట్టె, దాని స్పీకరు, యాంప్లిఫయరు కలిసి పద్దెనిమిది, ఇరవై కిలోలుంటాయి. పెట్టె ఎత్తి పక్కన పెట్టడంతో పని అయిపోయిందనుకోకండి. యాంప్లిఫయరు కోసం బ్యాటరీ నుంచి కార్పెట్టు కింద నుంచి డిక్కీ దాకా లావుపాటి ఎర్ర వైరు లాగి ఉంటారు. పెట్టె తీశాక దాని కొస ఊరికే వేలాడుతూ బాడీ ఇనుముకు తగిలిందంటే నిప్పు పుడుతుంది. ఆ వైరును బ్యాటరీ దగ్గర విప్పి మొత్తం బయటికి లాగేయించండి.

బుల్ గార్డు గురించి రెండో ఆలోచన అక్కర్లేదు. అది పన్నెండు, పదిహేను కిలోల ఇనుము, అదీ ముందు చక్రాలకంటే ముందుకు వేలాడే బరువు. ప్రమాదం జరిగినప్పుడు నలిగి దెబ్బను తనలో ఇముడ్చుకోవాల్సిన బంపరు భాగాన్ని తప్పించి, ఆ దెబ్బను నేరుగా ఛాసిస్‌కు అందిస్తుంది. ఇలాంటి గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పైన క్యారియర్ విషయంలో బరువు కంటే అది ఉన్న చోటు ముఖ్యం. బండి నెత్తి మీద పది కిలోలుంటే మలుపుల్లో బండి పక్కకు ఒరగడం ఎక్కువవుతుంది, హైవే మీద గాలికి అడ్డం పడి పెట్రోలు తాగుతుంది. దసరాకో సంక్రాంతికో సామాను ఎక్కువున్నప్పుడు బిగించుకుని, తిరిగొచ్చాక విప్పేయండి, నాలుగు బోల్టుల పని.

ఇంకా చిన్నాచితకా చాలా ఉంటాయి. డిక్కీలో ఏముందో ఒకసారి మొత్తం కిందికి దించి చూడండి. మన జిల్లాలో జూన్, జూలైల్లో తోతాపురి కాయలు తెచ్చిన ఖాళీ క్రేట్లు సంక్రాంతి దాకా డిక్కీలోనే తిరుగుతుండడం కొత్తేమీ కాదు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను అంటే ఇరవై కిలోలు. మందపాటి 7డి మ్యాట్లు ఆరేడు కిలోలు, పైగా వాటి కింద నీరు నిలిచి ఫ్లోరు తుప్పు పడుతుంది. పలమనేరు పోయి రావడానికి ట్యాంకు నింపాల్సిన పని కూడా లేదు. మీ బండి ట్యాంకు 42 లీటర్లది, నిండితే 31 కిలోలు, సగంతో వెళితే పదిహేను కిలోలు పైసా ఖర్చు లేకుండా తగ్గినట్టే. అయితే పావు ట్యాంకుకంటే దిగనివ్వకండి, ఎందుకంటే ట్యాంకులో మునిగి ఉండే పంపు చల్లబడేది ఆ పెట్రోలుతోనే.

ఇక చక్రాలు. వీటి మీద కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అలాయ్ అంటే తేలిక అన్న నమ్మకం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. ఒకే సైజులో, మంచి తయారీ అయితే ఆ మాట నిజమే. కానీ కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల ఇనుప రిమ్ము ఏడు కిలోల దగ్గర ఉంటే, బయట దొరికే 16 అంగుళాల పోత అలాయ్ తొమ్మిది, పది కిలోలుండడం మామూలే, దాని మీద వేసే వెడల్పు టైరు కూడా బరువే. చక్రం బరువు డిక్కీలోని బరువు లాంటిది కాదు. బండి వేగం పుంజుకునేటప్పుడు దాన్ని ముందుకు తొయ్యడంతో పాటు గిరగిరా తిప్పాలి కూడా, అందువల్ల టైరు అంచు దగ్గర ఉన్న ఒక కిలో, లాగడంలో దాదాపు రెండు కిలోల పెట్టు. పైగా స్ప్రింగుల కింద ఉండే బరువు కాబట్టి గతుకుల్లో టైరు రోడ్డును సరిగ్గా పట్టుకోదు. నాలుగు చక్రాలకు మూడేసి కిలోలు తగ్గితే, వేగం పుంజుకునే వేళ అది పద్దెనిమిది, ఇరవై కిలోలు దించినంత ఫలితమిస్తుంది.

బరువును మించిన నష్టం ఇంకొకటుంది, మీ ఉత్తరంలో టైరు సైజు రాయలేదు కాబట్టి మీరే చూసుకోవాలి. మీ వీఎక్స్ఐకి కంపెనీ ఇచ్చిన టైరు 165/80 ఆర్14, దాని మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. పై మోడలు జెడ్ఎక్స్ఐకి ఇచ్చిన 185/65 ఆర్15 ఎత్తు కూడా ఇంచుమించు అంతే, రెండు మిల్లీమీటర్లు తేడా. కంపెనీ ఆ లెక్క కావాలనే కుదిర్చింది. మీ అలాయ్‌ల మీద 195/60 ఆర్16 టైర్లుంటే వాటి ఎత్తు 640 మిల్లీమీటర్లు, అంటే మూడు శాతానికి పైగా ఎక్కువ. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ ఆ మేరకు పొడవవుతుంది, చక్రం దగ్గర లాగే బలం మూడు శాతం తగ్గుతుంది. ఘాట్‌లో మిగిలేది మూడు నాలుగు హార్స్‌పవరే అన్న లెక్కలో ఈ మూడు శాతం ముక్కాలు హార్స్‌పవర్‌ను తినేస్తుంది. స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు మీరు 62తో పోతున్నట్టు అన్నది ఇంకో అదనపు చిక్కు.

అందుకని ఆ అలాయ్‌లను టైర్లతో సహా అమ్మేసి, కంపెనీ 14 అంగుళాల ఇనుప రిమ్ములు గానీ, జెడ్ఎక్స్ఐ మీద వచ్చిన 15 అంగుళాల కంపెనీ అలాయ్‌లు గానీ పాతవి చూసుకోండి. తిరుపతిలోనూ చిత్తూరులోనూ టైర్ల దుకాణాల్లో మార్పిడి పద్ధతి మీద దొరుకుతాయి. కొనేముందు తూకం వేయండి. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషను తీసుకుపోయి, ఒకసారి ఒట్టిగా, ఒకసారి చక్రాన్ని పట్టుకుని నిలబడితే తేడా తెలిసిపోతుంది. రిమ్ములు వంకర లేకుండా బ్యాలెన్సింగు మిషను మీద తిప్పి చూపించమనండి, టైర్ల తయారీ తేదీ టైరు పక్కన నాలుగంకెలుగా ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అయిదారేళ్లు దాటిన టైర్లయితే రిమ్ములు మాత్రమే తీసుకుని టైర్లు కొత్తవి వేయించుకోవడం మేలు, బరువు కోసం పట్టు పోగొట్టుకోకూడదు.

మెకానిక్ చెప్పినవాటిని ఎందుకు వద్దంటున్నానో కూడా రాయాలి. ఆయన ఆలోచన రేసు కార్ల నుంచి వచ్చింది, అక్కడ అది సరైనదే. మనకు దగ్గర్లోనే, శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పరుగెత్తే కార్లలో సీట్లు, కార్పెట్లు, ఏసీలు ఏవీ ఉండవు. కానీ వాటిలో లోపలంతా ఇనుప పంజరం వెల్డింగు చేసి ఉంటుంది, డ్రైవరు హెల్మెట్ పెట్టుకుని అయిదారు పట్టీల బెల్టుతో కట్టుకుని కూర్చుంటాడు, ఎదురుగా లారీ రాదు. తీసేసిన దానికి బదులుగా ఇన్ని రక్షణలు అక్కడ చేరతాయి. మీ బండిలో మీరు తీసేయడమే ఉంటుంది, బదులుగా చేరేదేమీ లేదు.

వెనక సీటు తీస్తే ఇరవై కిలోలు తగ్గవచ్చు, పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? ఆ సీటు వీపు భాగం, హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు డిక్కీ సామాను ముందుకు దూసుకురాకుండా ఆపే గోడ కూడా. ఆర్సీలో అయిదుగురు కూర్చునే బండి అని ఉంది. కంపెనీ నమోదు చేసిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి జరిగిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష, లేదా రెండూ పడవచ్చు. బ్రేకిన్‌స్పెక్టరు కంట పడకపోయినా, రేపు ఏదైనా జరిగి బీమా క్లెయిముకు వెళితే సర్వేయరు కంట తప్పకుండా పడుతుంది. యాక్రిలిక్ షీటు విషయంలోనూ ఇంతే, కారు అద్దాలు ప్రమాణాలకు తగిన సేఫ్టీ గ్లాసే అయి ఉండాలి. షీటు మన ఎండకు ఏడాదిలో గీతలు పడి మసకబారుతుంది, వెనక నుంచి వచ్చే బస్సు లైటు దాని మీద పడితే మీకేమీ కనిపించదు.

స్టెప్నీ, జాకీ కలిసి పద్దెనిమిది కిలోల దాకా ఉంటాయి, తీయడం తేలిక, అందుకే చాలామందికి మొదట తట్టేది అదే. టైర్లలో గాలి ఒత్తిడిని చూపించే ఏర్పాటు, పంచర్ కిట్టు ఉన్న ట్యూబ్‌లెస్ టైర్ల కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదని 2020లో నిబంధన సడలించిన మాట నిజం. మీ 2013 బండికి ఆ ఏర్పాటు లేదు. పంచరైతే కిట్టు సరిపోతుంది, గుంతలో పడి టైరు పక్క చీలితే ఏ కిట్టూ పనిచేయదు. రాత్రిపూట ఘాట్ మధ్యలో పిల్లలతో నిలబడే అవకాశం ఉన్నవారికి నేను స్టెప్నీ తీయమని చెప్పను.

ఫైబర్ బానెట్‌కు పది వేల పైమాటే, తగ్గేది అయిదారు కిలోలు, అంటే కిలోకు రెండు వేల దాకా. పైగా దాని గొళ్లెం వేగంలో ఊడి లేచిందంటే ముందు అద్దం కనిపించదు. లిథియం బ్యాటరీ ఇంకా ఖరీదు. ఇప్పుడున్న లెడ్ బ్యాటరీ పది కిలోలుంటుంది, దాన్ని మార్చి ఆరేడు కిలోలు తగ్గించడానికి ఇరవై వేలకు పైగా పోయాలి. ఇంజను పక్కన మే నెల వేడిని అది ఎన్నాళ్లు తట్టుకుంటుందో, మీ పాత ఆల్టర్నేటరు ఛార్జింగ్ దానికి కుదురుతుందో లేదో అన్నది వేరే తలనొప్పి. తిరుపతి పక్కన కరకంబాడిలో తయారయ్యే మామూలు బ్యాటరీయే మీకు చాలు. వీటితో పోల్చి చూడండి: గ్యాసు కిట్టు దించడానికి రెండు మూడు వేలైనా కిలోకు వంద రూపాయలు దాటదు, ఊఫరు, గార్డు, క్యారియర్‌లకు విప్పడం తప్ప ఖర్చే లేదు.

ఏసీని పీకేయడం వల్ల పదిహేను, ఇరవై కిలోలు తగ్గుతాయి. కానీ బటను నొక్కి ఆపితేనే మూడు హార్స్‌పవర్ వెనక్కి వస్తోంది, అదే ఘాట్‌లో మీకు కావలసింది. నిటారు భాగం వచ్చేముందు రెండు నిమిషాలు ఆపండి, ఎక్కాక వేసుకోండి. ఎండాకాలంలో ఏసీ లేని కారులో అత్తగారింటికి తీసుకెళితే ఇంట్లో జరిగే చర్చకు నా దగ్గర సలహా లేదు. రెండో గేరుకు దించడం గురించి కూడా మీరు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. రెండో గేరులో అదే 40 వేగానికి ఇంజను మూడు వేల చుట్ల దగ్గర తిరిగి, మూడో గేరులో ఇచ్చేదానికి ఒకటిన్నర రెట్లకు పైగా బలమిస్తుంది. ఎక్కే దారిలో గేరు ముందుగానే దించి నడపడం ఇంజనుకు హాని కాదు, మూడులోనే ఉంచి గిలగిలలాడించడమే హాని.

తిరుమల ప్రయాణానికి ఈ లెక్కలు వేరే రకంగా పనికొస్తాయి. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీసం పట్టాలని దేవస్థానం నియమం పెట్టింది కాబట్టి అక్కడ పికప్‌తో గెలిచేదేమీ లేదు. ఎక్కడం 1974లో వచ్చిన రెండో ఘాట్ మీదుగా కాబట్టి మీ బండికి పెద్ద ఇబ్బంది ఉండదు, చివర్లో కాస్త నీరసించినట్టు అనిపిస్తే అది పైకి పోయే కొద్దీ గాలి పలచబడడం వల్ల, ఆ ఎత్తుకు ఇంజను బలం ఆరేడు శాతం పడిపోతుంది. బరువు నిజంగా పరీక్ష పెట్టేది దిగేటప్పుడు, 1944 నాటి మొదటి ఘాట్ మలుపుల్లో. 1,355 కిలోల బండి 700 మీటర్లు దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి, ముప్ఫై లీటర్ల నీళ్లను మరిగే దాకా కాచేంత వేడి. అందులో ఇంజను ఎంత పట్టుకుంటే బ్రేకులకు అంత తగ్గుతుంది. నూరు కిలోలు దించితే ఆ వేడిలో ఏడు శాతం తగ్గినట్టు. నా దృష్టిలో ఈ పని మొత్తానికి దక్కే అసలు ఫలితం ఇదే. ఎక్కిన గేరులోనే దిగండి, న్యూట్రల్‌లో జారనివ్వకండి, బ్రేకు ఆయిలు మార్చి రెండేళ్లు దాటితే వెంటనే మార్పించండి.

ఒక అనుమానం కూడా చెప్పాలి. ఈ వయసున్న బండిలో బరువుగా తోచేదంతా బరువు కాదు, బ్రేకులు పట్టేసి ఉండడం కూడా కావచ్చు. దీన్ని తెలుసుకోవడానికి ప్రయాణాల్లో సూట్‌కేసు తూచే కొక్కెం కాటా ఒకటి చాలు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత నింపి, చదునైన సిమెంటు నేల మీద బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు దించి, ముందున్న లాగే కొక్కేనికి తాడు కట్టి ఆ కాటాతో మెల్లగా లాగండి. స్టీరింగు దగ్గర ఒకరిని కూర్చోబెట్టండి. కదిలించేటప్పుడు ఎక్కువ చూపించినా, నెమ్మదిగా దొర్లుతున్నప్పుడు కాటా మీద పన్నెండు నుంచి పదహారు కిలోల మధ్య ఉంటే బండి స్వేచ్ఛగా ఉన్నట్టు. పాతిక దాటుతోందంటే ఎక్కడో పట్టేసింది. అయిదు కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కో రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఏ చక్రం మిగతావాటికంటే కాలిపోతోందో తెలుస్తుంది. బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపరు పిన్నులు ఎండిపోవడం, హ్యాండ్‌బ్రేకు కేబులు తుప్పు పట్టి తిరిగి రాకపోవడం మన దగ్గర మామూలు. శుభ్రం చేసి గ్రీజు పెట్టడానికి అయ్యే ఖర్చు కొన్ని వందలే, ఒక్కోసారి నూరు కిలోలు దించినదానికంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

తూకం కోసం వేబ్రిడ్జికి వెళ్లాలనుకుంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల దారిలో చాలా ఉన్నాయి, సీజనులో మాత్రం ట్రాక్టర్ల వరసలో నిలబడాల్సి వస్తుంది. అవి అయిదు పది కిలోల మెట్లలో చూపించే కాటాలు కాబట్టి ఒక్కో వస్తువు తీసి చూస్తే తేడా తెలియదు. అన్నీ తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి, రెండుసార్లూ పెట్రోలు ముల్లు ఒకే చోట ఉంచి, మనుషులు దిగి తూచండి.

డబ్బు పెట్టే వరస ఇలా ఉండనివ్వండి. మొదట డిక్కీ ఖాళీ చేసి, ఊఫరు, గార్డు, క్యారియర్ విప్పడం. తర్వాత బ్రేకుల పరీక్ష, ఆయిలు. ఆ తర్వాత గ్యాసు కిట్టు, ఆర్సీ మార్పు. నాలుగోది చక్రాల మార్పిడి. కిట్టు తీసే వర్క్‌షాపులోనే ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు మార్పించి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించండి. ఇవన్నీ అయ్యాక నిటారు భాగంలో ఏసీ ఆపి ఎక్కినా మూడో గేరులో బొత్తిగా లాగకపోతే, ఇక బరువు మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ముందు క్లచ్ జారుతోందేమో చూపించండి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే అదే. క్లచ్ బాగుంటే నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష, అంటే లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూసే పరీక్ష, చేయించండి. వాటి మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకు మించితే, ఆ రీడింగులు కాగితం మీద రాయించుకుని మరో వర్క్‌షాపులో కూడా చూపించి, లక్ష రూపాయల ఇంజను పని మాట అప్పుడు ఎత్తండి.